డబ్బీలో లేని తీపి

ప్రొద్దుట ఆరు గంటలకు వసారాలో కూర్చున్న నా చేతికి చాయ గ్లాసు వచ్చినంతనే, రెండవ చేయి తనంతట తాను చొక్కా జేబులోనికి పోయి, బొటనవ్రేలంతటి ప్లాస్టిక్ డబ్బీ నొకదానిని వెలికిదీసి, గ్లాసుమీద వంచి, దాని నెత్తిన రెండుమార్లు నొక్కి, టిక్కు టిక్కుమను రెండు చప్పుళ్ళు చెవిని బడిన పిమ్మట మరల దానిని జేబులోనికి జారవిడుచుట 11 ఏండ్లుగా జరుగుచుండిన పని. సంధ్య వార్చువానికి ఆచమన మెట్టిదో నాకీ టిక్కు టిక్కు లట్టివి. వానిని గూర్చి నేనెన్నడును ఆలోచించి యెరుగను. గడచిన శ్రావణమాసములో నొక బుధవారమునాడు ఎప్పటివలెనే నొక్కి, ఎప్పటివలెనే త్రాగి, తియ్యని చాయ కడుపున బడిన తృప్తితో గ్లాసు క్రింద పెట్టుచుండగా, మా ఇంటి యామె వచ్చి ఆ డబ్బీని వెలుతురునకు పట్టి చూచి, "ఇగో, ఇండ్ల గోలీలెక్కడున్నయి? మొన్న ఐతారమే అయిపోయినయి గదా!" అన్నది. నేను నమ్మలేదు. డబ్బీని చెవిదగ్గర నాడించితిని, గలగల లేదు. మూత విప్పి అరచేతిలో బోర్లించితిని. తెల్లని పొడి చిటికెడైనను రాలలేదు. సోమ మంగళవారములును, ఆనాటి ప్రొద్దుటయు కలిపి ఏడు గ్లాసుల చాయను, ఏమియు లేని డబ్బీనుండి ఏమియు రాల్చుకొనక, తియ్యగానే త్రాగియుంటిని. మాత్ర పడుట కంటికి కనబడదా యని యడుగువారు చాయమీది నురుగును, కంటద్దములమీది ఆవిరిని, నా కుడికంటి పొరను గూడ లెక్కలోనికి తీసికొనవలెనని మనవి.

మాత్రలు మరల కొనితెచ్చుకొన్న నిమిషములోనే మరచిపోదగిన సంగతి యిది. కాని నన్నది విడువలేదు. మాత్రలో తీపి లేదనుట కాదు, మాత్రయే లేదు. మరి నా నాలుక చవిచూచినదేమి? ఆ చప్పుడునా? జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒకానొక మందుల కంపెనీలో 31 సంవత్సరములు కెమిస్టుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను గనుక, మొదట నాకు తోచినది రసాయనశాస్త్రపు సమాధానమే. బర్రెపాలలో నూటికి ఐదుపాళ్ళవరకు లాక్టోజను చక్కెర సహజముగనే యున్నది. దాని తీపి మనము వాడు చక్కెర తీపిలో ఇంచుమించు ఐదవవంతు. సగము పాలు పోసి కాచు మా ఇంటి చాయ గ్లాసులో అది రెండుమూడు గ్రాములకు తక్కువ కాకుండ నుండును. అనగా ఈ 11 ఏండ్లును నా చాయలో నొక తీపి యుండనే యున్నదన్నమాట. దానిమీద దినమునకు మూడుపూటలు రెండేసి మాత్రలు రాల్చి, మైకు పెట్టి కేకలు వేయు బండివాని ప్రక్కన గంపతో కూర్చున్న ముసలమ్మ గొంతును వినబడనీయనట్లు, దాని నడచివేయుచుంటిని. ఇంతవరకు బాగుగనే యున్నది. అయినను లెక్క సరిపోలేదు. ఆ పాటి పాలతీపికి అంతటి తృప్తి కలుగునా? అందులో పాల వంతెంత, చప్పుడు వంతెంత? ఈ భాగహారము నేనెరిగిన యే యుపకరణముతోను తేలునది కాదనిపించి, ఆ దినమున మాత్రలు కొనుటకు పోలేదు. మరునాడును పోలేదు. మానివేయవలెనని వ్రతము పట్టి మానినవాడను కాను. సందేహము తీరువరకు వాయిదా వేసినవాడను మాత్రమే.

మేడ్చలులో నేను చదువుకొను దినములలో మాకు తెలుగు చెప్పిన పంతులుగారు, వ్యాకరణపాఠము నడుమ విశేషణ విశేష్యముల దగ్గరకు వచ్చినపుడెల్ల దారి తప్పి తర్కములోనికి పోయెడివారు. తెలుగువాడైన అన్నంభట్టు కూర్చిన తర్కసంగ్రహము వారికి కరతలామలకము. ద్రవ్యములు తొమ్మిది, గుణములు 24. గుణము ద్రవ్యము నాశ్రయించుకొనియే యుండును గాని దిక్కులేని పక్షివలె ఆకాశమున తిరుగాడదు. రుచి యనునది గుణము. దానికి నిలయములు పృథివియు, జలమును రెండే. పృథివియందు ఆరు రుచులును గలవు, జలమునందు తీపి యొక్కటియే గలదు. ఈ కడపటి మాటకు తరగతియంతయు నవ్వెడిది. నీళ్ళు తియ్యగా నుండునా? పంతులుగారు కోపింపక, కరక్కాయ ముక్క నొకదానిని నమలి పిదప నీళ్ళు త్రాగి చూడుడనెడివారు. కరక్కాయ తీపిని తెచ్చి నీటిలో పెట్టదనియు, నీటిలో నున్నదానిని నాలుకకు తెలియజేయుననియు శాస్త్రకారుల వాదము. ఇప్పుడాలోచించిన నవ్వు వేరొక కారణమున వచ్చుచున్నది. నేను ఉద్యోగములో చేరిన పిదప జీడిమెట్ల చుట్టుపట్ల బావులలో నీరు పచ్చబారి, నోటబెట్టిన నాలుక ముడుచుకొనిపోయెడి దినములు వచ్చినవి. బోరు వేసిన ప్రతివాడును మొదటి చెంబును వాసన చూచియే ప్రక్కన పారబోసెడివాడు. జలము మధురమే యని వ్రాసినాయన ఆ బావులను చూచియుండడు. మా యన్నమునకు ఆధారమైన కంపెనీల వాడకును ఆ బావులకును గల సంబంధమును మేమెరుగక కాదు. ఎరిగినను ఆ గట్టున నిలిచి దానిని గూర్చి మాటలాడుకొన్నవారము కాము.

గుణమును ద్రవ్యమునుండి విడదీయరాదని తర్కము శాసించిన పనిని రసాయనశాస్త్రము చేయనే చేసినది. అదియును బుద్ధిపూర్వకముగా గాక, చేతులు కడుగుకొనకపోవుటచేత. 1879లో అమెరికాదేశమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునందు, ఐరా రెమ్సెన్ ప్రయోగశాలలో బొగ్గుతారునుండి వచ్చు పదార్థములతో పనిచేయుచుండిన కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ అను నాతడు, సాయంకాలము భోజనమునకు కూర్చుండి రొట్టె విరువగా అది అకారణముగా తియ్యనయ్యెనట. చేతిని నాకి చూచుకొని, ప్రయోగశాలకు పరుగెత్తి, అచటి పాత్రల నొక్కొక్కదానినే రుచి చూచి, ఏది తియ్యనో పట్టుకొన్నాడట. చక్కెరకంటె మూడు నాలుగు వందల రెట్లు తియ్యనైన సాకరిన్ అట్లు పుట్టినది. 1937లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు విద్యార్థి మైకేల్ స్వేడా, జ్వరమునకు మందు తయారుచేయుచు, బల్లమీద పెట్టిన సిగరెట్టును మరల నోట బెట్టుకొనగా దొరికినది సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్, కడుపులోని పుండ్లకు మందు వెదకుచు, కాగితమును పైకి తీయుటకు వ్రేలు నాకుకొనగా దొరికినది ఆస్పర్టేమ్. నా డబ్బీలోనిది అదియే. ఇక 1976లో లండను క్వీన్ ఎలిజబెత్ కళాశాలలో చక్కెర అణువునకు క్లోరిన్ తగిలించు పరిశోధనలో నుండిన మన దేశపువాడు శశికాంత్ ఫడ్నీస్ కథ మరింత చిత్రము: ఆ పదార్థమును టెస్ట్ చేయుమని పెద్దలు చెప్పగా, ఆయన టేస్ట్ చేయుమన్నట్లు విని నాలుకమీద వేసికొన్నాడట. చక్కెరకు 600 రెట్లు తియ్యనైన సుక్రలోజ్ అందువలన లోకమునకు తెలిసినది. తెలుగు లిపిలో ఆ రెండు మాటలకును భేదము ఒక్క దీర్ఘము. బడిలో ఒక దీర్ఘమునకు ఒక బెత్తపుదెబ్బ తిన్నవాడను. దీర్ఘమున కింతటి ఫలముండునని పంతులుగారైనను ఊహించియుండరు.

మా కంపెనీ గోడమీద, పని జరుగు ప్రతి గదిలోను, ఏ పదార్థమును రుచి చూడరాదని ఎర్రని అక్షరములతో వ్రాసియుండెడిది. నేను చాలకాలము పనిచేసినది చిన్నపిల్లల సిరపుల విభాగములో. జ్వరపు మందు స్వభావసిద్ధముగా పరమ చేదు. దానిని శిశువు ఉమ్మివేయకుండ మ్రింగవలెనన్నచో ఆ చేదుకు ముసుగు వేయవలెను. ఆ ముసుగు పేరు సాకరిన్ సోడియం. సంచిలోని పొడి యెంతయో తెల్లగా, మెత్తగా, పాలపిండివలె నుండెడిది. ఒకనాటి నైట్ షిఫ్టులో, ట్యాంకు కలియబెట్టు యంత్రము గుడగుడలాడుచుండగా, నిద్రమత్తుననో, ఫాల్‌బర్గ్ వంశమునకు చెందిన దుర్బుద్ధిచేతనో, వ్రేలి కొనకు అంటిన పొడిని నాలుకకు తగిలించితిని. మొదట తీపి, మరుక్షణమున అది తీపియని చెప్పుటకు వీలులేనంత తీపి, పిదప ఇత్తడి గ్లాసు అంచును నాకినట్లు చేదు. భయపడి కుళాయి దగ్గరకు పరుగెత్తి పుక్కిలించితిని గదా, నోటిలోని నీరు పంచదార పానకమై కూర్చున్నది! ఎవరికిని చెప్పలేదు, చెప్పిన ఉద్యోగము పోవును. చాల సంవత్సరముల పిదప, 2006లో శాస్త్రజ్ఞులు దీనికి కారణము కనుగొన్నారని చదివితిని: సాకరిన్ మితిమీరినచో, తీపి నెరుగుటకు నాలుకమీద నుండు ద్వారములను తానే మూసివేయునట, నీటితో కడిగినంతనే ఆ మూత తొలగి, అవి ఒక్కమారుగా మేల్కొని, వచ్చిన నీటినే తీపియని చాటునట. కరక్కాయ పని తీరు వేరు కావచ్చును. కాని ఆ రాత్రి కుళాయిదగ్గర నిలిచిన నాకు మేడ్చలు పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. మా జీడిమెట్ల వాడ పేరులోనే జీడి యున్నది. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడియు జీడియే, జాతరలో బెల్లపుపాకమును లాగి చేయు జీళ్ళును జీళ్ళే. బాల్యమున ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు రెండవదే మనసున మెదలెడిది.

షుగరు వచ్చినదని నాకు తెలిసినది ఉద్యోగములో నుండగానే. మన భాషలో ఈ జబ్బును చెప్పు తీరే విచిత్రము: ఆయనకు షుగరున్నది యందురు, ఏదో ఆస్తియున్నట్లు, ఆ యాస్తి గలవాడే దానిని ముట్టరాదు. మధుమేహమని పేరు పెట్టిన ప్రాచీన వైద్యులు, రోగి మూత్రమునకు చీమలు చేరుటను గమనించి గ్రంథములలో వ్రాసిరి. ఆ చీమలే నా డబ్బీనుండి జారి వంటింటి బండమీద పడిన మాత్రచుట్టు తిరిగి, నిలిచి, మీసములాడించి, మరల తమ దారిని పోవుటను నేను పలుమార్లు చూచితిని. వైద్యుడు చక్కెర మానుమన్నాడు గాని తీపి మానుమనలేదు. ఈ రెంటి నడుమ గల సందులోనుండియే ఆ డబ్బీ నా జేబులోనికి దూరినది. క్రమముగా డబ్బీతో పాటు దాని బంధువర్గమంతయు వచ్చినది: చక్కెర లేని బిస్కెట్లు, చక్కెర లేని జామ్, చక్కెర లేని కూల్‌డ్రింకు. కొంపల్లి మొదలు మేడ్చలువరకు పెద్దరోడ్డుకు ఇరుప్రక్కల వెలసిన ఫంక్షన్ హాళ్ళలో పెండ్లి భోజనమునకు పోయిన, ఒక మూల షుగర్ ఫ్రీ అని చీటీ యంటించిన పళ్ళెరము ముందర మావంటి వారి వరుస వేరు. పంక్తిభేదము పోయినదనుకొన్న కాలమున ఇదొకటి. ఒక ఉగాదినాడు మా ఇంటి యామె నాయందు దయదలచి, సేమ్యా పాయసము ఉడుకుచుండగనే ఇరువది మాత్రలు అందులో వేసి కలిపినది. ఆస్పర్టేమ్ ఎక్కువసేపు వేడిమికి నిలువక విరిగిపోవునది. వడ్డించునప్పటికి తీపి యంతయు పోయి, పాలలో నుడికిన దారములు మాత్రము మిగిలినవి. కెమిస్టు ఇంట నిట్లు జరుగవచ్చునా యని పిల్లలు నవ్విరి. నేను కూడ నవ్వితిని. కాని, ఉడికిన పోవు తీపి యే వంటకు చెందినదని ఆనాడే అడిగియుండవలసినది.

హానికరమని భయపడి మానితివా యని అడిగెడి మిత్రులున్నారు. ఆ గౌరవమునకు నేను తగను. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, శరీరపు బరువు తగ్గించుకొనుటకు ఇట్టి తీపులను ఆశ్రయింపవలదని సూచించినది నిజమే. కాని ఆ సూచన ఇదివరకే మధుమేహమున్నవారికి వర్తింపదని అందులోనే వ్రాసియున్నది గనుక, ఆ తలుపు నా ముఖముమీదనే మూసికొన్నది. జూలైలో అదే సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము ఆస్పర్టేమును, క్యాన్సరునకు కారణము కావచ్చునేమో యని సందేహింపదగిన వస్తువుల వర్గములో చేర్చినది. మా ఇంట పెద్ద కలవరమే పుట్టినది. ఆ జాబితా తీసి చూడగా, ఆసియాదేశముల సంప్రదాయపు ఊరవేసిన కూరగాయలును ఆ వర్గమునందే కలవు. ఆవకాయ జాడీ వంక అనుమానముగా చూచిన వారిని, అవి వేరని సమాధానపరచుటకు నాకు ఒక పూట పట్టినది. ఆ నెలలోనే మరియొక నిపుణుల సంఘము, శరీరపు బరువు కిలోకు దినమునకు 40 మిల్లీగ్రాముల వరకు హాని లేదన్న పాతలెక్కను మార్చనక్కరలేదని తేల్చినది. నా బరువు 62 కిలోలు; మాత్రకు 18 మిల్లీగ్రాముల చొప్పున, దినమునకు 130 మాత్రలకు పైబడి మ్రింగిన గాని గీత దాటను. నేను వాడుచుండినవి ఆరు. కావున విషమని చెప్పి దానిని నిందించుట అబద్ధము. అది నన్నేమియు చేయలేదు. బహుశః అదియే నాకు దానిమీద గల ఫిర్యాదు. ఏమియు చేయక, ఏమియు కాక, 11 ఏండ్లు నా నోట కాపురముండి పోయినది.

మానిన మొదటి వారము దుర్భరముగా గడచినది. చప్పుడు మాత్రము చేయు డబ్బీ మహిమ, అది ఖాళీయని తెలిసినంతనే నశించినది. తెలిసి త్రాగిన ఎనిమిదవ గ్లాసు చాయ కషాయమువలె దిగినది. మొదటి ఏడింటిని తియ్యగా చేసినది నా యజ్ఞానమే గదా యని కొంత విచారించితిని. ఇంటివారిమీద కసురుకొంటిని. రెండవ వారమున ఏ మార్పును లేదు. మూడవ వారమున, ఒకనాటి మధ్యాహ్నము, ఉల్లిగడ్డలు వేసి వండిన అనపగింజల కూర తినుచు, ఇందులో బెల్లము వేసినావా యని అడిగితిని. లేదన్నది. అడిగిన పిదప నాకే సిగ్గు కలిగినది. ఉల్లిగడ్డ వేగిన తియ్యనగునని వంటయింట పుట్టిపెరిగిన పిల్లికైనను తెలియును. అటు పిమ్మట ఒక్కొక్కటిగా వచ్చి పలుకరించినవి: కుంపటిమీద కాల్చిన మక్కకంకి, నిప్పులలో పెట్టిన గెనుసుగడ్డ, లేత బీరకాయ, చల్ల చిలికినప్పటి వెన్న. జొన్నరొట్టె తునుకను తొందరపడక నమలుచుండిన, ఇరువది ముప్పది నములులకు లాలాజలము పిండిని విరిచి తీపిచేయును. దీనిని బడిలో ప్రయోగముగ చదివి మార్కులు తెచ్చుకొన్నవాడనే గాని, అన్నము తినునపుడు ఎన్నడును గమనించినవాడను కాను. వీనిలో ఏదియును క్రొత్తగా తియ్యనైనది కాదు. మూడునెలల రక్తపరీక్షలో అంకె కొంచెము దిగినది. కాని ఆ నెలలలోనే ఫాక్స్ సాగర్ కట్టమీద ప్రొద్దుట నడకయు మొదలుపెట్టితిని గనుక, ఆ ఘనత ఎవరిదని అడిగిన వైద్యుడు భుజములెగురవేసి మందులు మాత్రము మానవద్దన్నాడు.

ఇట్టి తిండికి సంపూర్ణమైన ఆహారము అను మాట ఇప్పుడు మా వాడలో చాల వినబడుచున్నది. నాకు ఆ మాట వినినప్పుడెల్ల షామీర్‌పేట దగ్గర మా తండ్రి కావలియుండిన ద్రాక్షతోట కనబడును. ఆ కాలమున హైదరాబాదు చుట్టుపట్ల, మేడ్చలు షామీర్‌పేటల వరకును, రాతికూసములు నాటి, తీగెలు పరచి పందిళ్ళు వేసి ద్రాక్ష పెంచెడివారు. పందిరిక్రింద వేసవి మధ్యాహ్నమైనను ఆకుపచ్చని చీకటియుండెడిది. తోటలోనిది అనాబ్-ఎ-షాహీ, రాజద్రాక్ష; మేము అనాబ్‌షాయి అనెడివారము. వేసవి మొదట నొకమారు, దసరా దీపావళుల నడుమ నొకమారు కొమ్మ కత్తిరించెడివారు. రెండవ కత్తిరింపునకు వచ్చిన కాపు మాఘ ఫాల్గుణములలో కోతకు వచ్చెడిది. వర్తకుని లారీ పోయిన మరునాడు, ఆకుల మరుగున మిగిలిపోయిన గుత్తులు మావి, పిట్టలవి. ఆ పండు తేనెరంగున, కోలగా, వ్రేలి కణుపంత యుండెడిది. పంటి క్రింద మొదట తోలు పులిసెడిది, పిమ్మట గుజ్జు తియ్యనగుచుండగనే గింజ కొరికిన వగరు తగిలెడిది. పులుపు వాకిటను వగరు పెరటను కాపుండగా, నడుమ తీపి గృహస్థువలె నుండెడిది. తరువాత గింజలేని థాంప్సన్ ద్రాక్ష వచ్చినది. పండు లావగుటకు జిబ్బరెల్లిక్ ఆమ్లము కలిపిన నీటిని డబ్బాలలో పోసి, గుత్తుల నొక్కొక్కదానినే అందులో ముంచుచు పోవు కూలీల వరుసలో మా తండ్రియు నుండెను. కావున సంపూర్ణమన్న మాటను నేను కొంచెము జాగ్రత్తగా పలుకుదును; పందిరి క్రిందికి గూడ కెమిస్టు చేయి ఏనాడో వచ్చినది. నేడా పందిళ్ళు లేవు. తోటల చోట ప్లాట్లును, రిసార్టులును, గోడలమీద గాజుపెంకులును. తుర్కపల్లి వైపు పోయిన జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు.

అట్లే జొన్న. మా నాయనమ్మ జొన్నగటక తిని తొంబదియేండ్లు బ్రతికినదని చెప్పుకొనుట మా కుటుంబమునకు వాడుక. ఇప్పుడు ఆ మాటతోనే కొంపల్లి అంగళ్ళలో సిరిధాన్యముల పొట్లములు అమ్ముడుపోవుచున్నవి. కాని నాయనమ్మ పొరుగున, ఎండాకాలము వచ్చిన మెడయు చేతులును నల్లబారి పొట్టు రేగి, కడుపు నిలువక, మతి చలించినట్లు గొణుగుకొను ఒకామె యుండెను. ఆ జబ్బు పేరు మాకెవరికిని తెలియదు. 1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో, గోపాలన్, శ్రీకాంతయ్య అను నిరువురు వైద్యులు మన ప్రాంతపు జొన్న తినువారిలోనే ఈ పెల్లాగ్రా కానవచ్చుటను గమనించి, జొన్నలో అధికముగ నుండు లూసిన్ అను పదార్థము దీనికి కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. మూడు పూటలు జొన్న తప్ప వేరేమియు దొరకని దారిద్ర్యమే అసలు రోగమని నేననుకొందును. పప్పు, పాలు, ఆకుకూర ప్రక్కనుండిన అదే జొన్న అమృతమే కావచ్చును. అయినను నాయనమ్మ కథ చెప్పునపుడు పొరుగామె కథ విడిచిపెట్టుట నాకిష్టము లేదు. మొన్న నొక యంగడిలో కొర్రల బిస్కెట్ల పొట్లమును త్రిప్పి, అలవాటుకొద్ది వెనుకనున్న చిన్నయక్షరములు చదివితిని: కొర్రపిండి, నూనె, ఉప్పు, 955. ఆ 955 సుక్రలోజ్ గారి గుప్తనామము; ఆస్పర్టేమునకు 951, సాకరినునకు 954. పాత స్నేహితుడు మారువేషమున జాతరలో కనబడినట్లయినది. పొట్లమును సగౌరవముగా మరల యథాస్థానమున నుంచి వచ్చితిని. బతుకమ్మ పండుగకు మా ఇంటి యామె సజ్జరొట్టె నలిపి బెల్లము కలిపి మలీద ముద్దలు చేసినది. నేను ఒకటి తింటిని. బెల్లమును చక్కెర కుటుంబమునకే చెందినదని తెలియని అమాయకుడను గాను; తెలిసియే తింటిని, నెమ్మదిగా, నిమ్మకాయంత ముద్దను పావుగంట సేపు.

కార్తికమాసము వచ్చినది. గండిమైసమ్మ చౌరస్తాలో గోనెపట్టా పరచి ఉసిరికాయలు కుప్పపోసియున్న ఒకామెదగ్గర అరకిలో కొని తెచ్చితిని. సాయంకాలము వసారాలో కూర్చుండి ఒక కాయను కొరికితిని. పులుపునకు చెవులవరకు జివ్వుమన్నది, వెంట వగరు. ఏడేండ్ల మనుమరాలు తనకును కావలెనన్నది. సగము కొరికి, కన్నులు మూసి, ముఖమంతయు ముడిచి, నీళ్ళు నీళ్ళని గంతులు వేసినది. మా కుండలోని నీరు ఇప్పుడు ఎల్లంపల్లినుండి గొట్టములగుండ ఇంత దూరము నడిచివచ్చిన గోదావరి నీరు. ఒక గ్లాసు ముంచి యిచ్చితిని. గటగట త్రాగి, నడుమ నాగి, గ్లాసులోనికి తొంగిచూచి, మరల ఒక గుక్క పుచ్చుకొని, "తాతా, నీళ్ళల్ల ఏం గలిపినవ్?" అని అడిగినది.

"ఏం గలపలే బిడ్డా" అంటిని.

అది నమ్మక, నా చొక్కా జేబు వంక చూచినది.